దుబాయ్, మస్కట్‌లలో గల్ఫ్ ఇంటి వంట: ఏ ఫుడ్ టూర్, ఏ వంట క్లాస్?

ప్రశ్న: ప్రయాణం_వంట

జనవరిలో దుబాయ్, అక్కణ్ణుంచి మస్కట్ వెళ్లాలని ప్లాన్. హమ్ముస్, షవర్మా ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతున్నాయి. అవి కాకుండా అక్కడి ఇళ్లలో వండుకునేవి తినాలి, ఒక్క వంటకమైనా చేత్తో చేసి నేర్చుకోవాలి. టూర్ల వివరాలన్నీ చూస్తే ఒకేలా ఉన్నాయి. దేన్ని చూసి ఎంచుకోవాలి? మాతో మాంసం తినని వాళ్లు ఒకరున్నారు, వాళ్ల సంగతేంటి? ఒక క్లాసువాళ్లు మూడు గంటల్లో మచ్‌బూస్ (మాంసంతో వండే మసాలా అన్నం), హరీస్ (గోధుమ, మాంసం కలిపి ఎనిపేది), షువా (గోతిలో కాల్చే మాంసం) మూడూ నేర్పిస్తామంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: క్రీక్_ఒడ్డు

డబ్బు కట్టేముందు మెనూ రాతపూర్వకంగా తెప్పించుకోండి. దుబాయ్ పాతపేట దేరా వీధుల్లో నడిపించే టూర్లలో చాలావాటిలో పెట్టేది పాలస్తీనా ఫలాఫెల్, సిరియా మిఠాయిలు, ఈజిప్టు ఫతీర్ (పొరల రొట్టె), ఇరాన్ కబాబ్. రుచికి వంక పెట్టలేం. దుబాయ్ వలస వచ్చినవాళ్ల ఊరు కాబట్టి అది ఆ ఊరి తిండే. కానీ మీరు అడుగుతున్నది అది కాదు. మచ్‌బూస్, హరీస్, తరీద్ (మాంసం పులుసులో నానిన రొట్టె), బలాలీత్ (తీపి సేమ్యా), రగాగ్ (పల్చటి రొట్టె), లుగైమాత్ (పాకం పోసే పిండి ఉండలు): వీటిలో కనీసం మూడు మెనూలో లేకపోతే ఆ టూర్ మీకోసం కాదు.

ఎమిరాటీ (యూఏఈ స్థానికుల) భోజనానికి అల్ ఫహీదీ పాతపేటలోని షేక్ మొహమ్మద్ సెంటర్ ఫర్ కల్చరల్ అండర్‌స్టాండింగ్ మంచి మొదలు. నేలమీద కూర్చోబెట్టి వడ్డిస్తారు, తింటూ ఏ ప్రశ్నైనా అడగొచ్చు. ముందే బుక్ చేసుకోవాలి. మధ్యాహ్నం అక్కడ తిని, సాయంత్రం అబ్రా (చిన్న పడవ) ఎక్కి క్రీక్ (ఊరి మధ్య ఉప్పునీటి పాయ) దాటితే (మనిషికి 1 దిర్హమ్) అవతలి ఒడ్డునే మసాలా సూక్ (సంత). శుక్రవారం పొద్దున మాత్రం సూక్ పెట్టుకోకండి, మధ్యాహ్నం ప్రార్థన అయ్యేదాకా చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

సూక్‌లో కొనదగ్గవి లూమీ (ఎండబెట్టిన నిమ్మకాయ), కుంకుమపువ్వు. లూమీ చేతిలోకి తీసుకుంటే బరువే ఉండకూడదు, ఊపితే లోపల గలగలమనాలి. బరువుగా, మెత్తగా ఉందంటే పూర్తిగా ఎండలేదు, బూజు పడుతుంది. కుంకుమపువ్వును రెండు పోగులు గోరువెచ్చని నీళ్లలో వేసి చూడండి. అసలుదైతే రంగు నెమ్మదిగా పసుపుగా దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. వేసిన వెంటనే నీళ్లు ఎర్రబడి పోగు తెల్లబోతే అది రంగు వేసిన సరుకు.

మాంసం తినని వాళ్లకు ఒక హెచ్చరిక. మచ్‌బూస్‌లో ముక్కలు తీసేసి అన్నం పెడతామంటే ఒప్పుకోవద్దు, ఆ అన్నం ఉడికేదే మాంసం నీళ్లలో. రగాగ్ రొట్టె చీజ్‌తో తినొచ్చు, కానీ మహ్యావా వద్దని ముందే చెప్పాలి, అది పులియబెట్టిన చేపల సాస్. బలాలీత్ తీపి సేమ్యా, పైన ఆమ్లెట్ వేస్తారు. గుడ్డు కూడా తినకపోతే అది లేకుండా అడగాలి.

జవాబు: లూమీ_మూకుడు

ఆ మూడు వంటకాల క్లాసును నమ్మకండి. షువా ఒమన్‌లో ఈద్ వంట. మసాలా పట్టించిన మాంసాన్ని అరటాకుల్లో చుట్టి, నిప్పులు నింపిన గోతిలో పెట్టి పైన మూసేస్తారు, ఒకటి రెండు రోజులు అలా ఉండాల్సిందే. హరీస్‌కు రాత్రంతా నానిన గోధుమ, మాంసంతో కలిసి సన్నని సెగ మీద నాలుగైదు గంటలు ఉడకాలి. ఆ తర్వాత చెక్క తెడ్డుతో ఎనపాలి. మూడు గంటల క్లాసులో ఈ రెండూ ముందే వండి ఉంచినవే చూపిస్తారు. అయినా తెడ్డు మీ చేతికిస్తే హరీస్‌కు ఉండండి. గోధుమ, మాంసం విడివిడిగా కనిపించనంతవరకు ఎనిపితేనే హరీస్, ఆ పాకం చేత్తో చూస్తేనే తెలుస్తుంది. దీన్ని వండే నేర్పును యూఏఈ, ఒమన్, సౌదీ తరఫున యునెస్కో 2023లో తన జాబితాలో చేర్చింది.

క్లాసులో మొదటినుంచి చివరిదాకా నిజంగా చేయగలిగేది కోడి మచ్‌బూస్. నలుగురికి కొలత ఇది: ఎముకతో కోడి 1 కిలో, బాస్మతి 2 కప్పులు (అరగంట నానాలి), ఉల్లిపాయలు 2 పెద్దవి, టమాటాలు 2, లూమీ 3, బజార్ మసాలా (అక్కడి కలగలుపు మసాలా పొడి పేరు) టేబుల్ స్పూన్నర, దాల్చినచెక్క, ఏలకులు, లవంగాలు.

ఉల్లిపాయ నెయ్యిలో బాగా ఎర్రబడేదాకా వేగాలి. మచ్‌బూస్ రంగు సగం ఇక్కడే వస్తుంది, తొందరపడితే అన్నం పాలిపోతుంది. తర్వాత మసాలాలు, కోడి, టమాటా, ఉప్పు, లీటరుంబావు నీళ్లు, లూమీ. ముప్పావు గంటలోపు కోడి ఉడికిపోతుంది. ముక్కలు తీసి ఓవెన్‌లో ఎర్రగా కాల్చాలి. నీళ్లను వడకట్టి తప్పకుండా కొలవాలి: నానిన బియ్యం కప్పుకు కప్పున్నర. చాలామందికి అన్నం ముద్దయ్యేది ఈ కొలత వదిలేయడం వల్లే. ఆ నీళ్లలో బియ్యం వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద 15 నిమిషాలు, దించాక ఇంకో 10 నిమిషాలు కదపకూడదు. పైన రోజ్ వాటర్‌లో నానిన కుంకుమపువ్వు.

చేదు వస్తే దోషం లూమీదే. పుల్లతో రెండు మూడు చోట్ల పొడిస్తే చాలు, చితక్కొట్టకూడదు, ఉడికాక గరిటెతో నొక్కకూడదు. చేదంతా గింజల్లో ఉంటుంది. పొడి చేసి వేయాలంటే పగలగొట్టి గింజలు ఏరేయాలి. నల్లవాటి ఘాటు ఎక్కువ, లేత రంగువి మెతక. మొదటిసారికి లేతవి వాడండి.

క్లాసువాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: ఒక్కో పొయ్యి దగ్గర ఎంతమంది? బజార్ మసాలా అక్కడే వేయించి పొడి చేస్తారా? పొయ్యికి నలుగురు దాటితే మీరు ప్రేక్షకులే.

ప్రయాణం_వంట

చాలా థాంక్సండి. మచ్‌బూస్, లుగైమాత్ ఉన్న క్లాసు ఒకటి కనిపించింది. గహ్వా (అరబ్ కాఫీ) కూడా నేర్పుతారట. వాటిలో ఏం గమనించాలి?

జవాబు: దల్లా_ఫింజాన్

లుగైమాత్‌లో పిండి జారుడు చూసుకోండి. మైదా 2 కప్పులు, మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) 1 టేబుల్ స్పూన్, ఈస్ట్ 1 టీస్పూన్, పంచదార 1 టేబుల్ స్పూన్, గోరువెచ్చని నీళ్లు కప్పుంబావు. గంటసేపు పొంగాక గరిటెతో ఎత్తితే సాగాలి, తెగిపోకూడదు. పిడికిలిలోంచి నొక్కి తడి స్పూన్‌తో నూనెలోకి వదులుతారు. నూనె 170 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎక్కువైతే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటాయి, తక్కువైతే నూనె తాగుతాయి. వేగినంతసేపూ తిప్పుతూ ఉండాలి. ఖర్జూరపు పాకం వడ్డించేటప్పుడే పోయాలి, ముందే పోస్తే పది నిమిషాల్లో కరకర పోతుంది.

గహ్వాకు లేత రంగులో వేయించిన గింజలే కావాలి. మామూలు నల్ల కాఫీపొడి వేస్తే ఏలకుల వాసన మునిగిపోతుంది. బరకపొడి 3 టేబుల్ స్పూన్లు, నీళ్లు లీటరుకు కొంచెం తక్కువ. సన్నని సెగ మీద 10 నిమిషాలు మరిగించి, దించేముందు దంచిన ఏలకులు వేసి, మడ్డి దిగేదాకా ఆగి దల్లాలోకి (కాఫీ కూజా) వంచాలి. పాలు, పంచదార ఉండవు, తీపికి ఖర్జూరం. పోసేవాళ్లు దల్లాను ఎడమచేత్తో పట్టి ఫింజాన్ (పిడిలేని చిన్న కప్పు) కుడిచేత్తో ఇస్తారు, మీరూ కుడిచేత్తోనే అందుకోండి. అడుగున కాస్తే పోస్తారు, తాగిన కొద్దీ మళ్లీ వస్తుంది. చాలనుకుంటే ఖాళీ ఫింజాన్‌ను అటూ ఇటూ ఊపి ఇచ్చేయండి, ఊపకుండా ఇస్తే మళ్లీ నింపుతారు.

మస్కట్‌లో టూర్ కట్టకపోయినా ఫర్వాలేదు. పొద్దున్నే మత్రా చేపల మార్కెట్, అక్కడికి దగ్గర్లోనే సూక్, సూక్‌లో ఒమానీ హల్వా. కొనేముందు రుచి చూపించమని అడగండి, చూపిస్తారు.