మూడేళ్లకే పలక పట్టించాలా, ఆగాలా?

హన్మకొండ_అమ్మ: మా బాబుకు మూడేళ్లు నిండాయి. వసంత పంచమికి బాసరలో అక్షరాభ్యాసం చేయించాం. బియ్యంలో బాగానే రాశాడు (చెయ్యి పంతులుగారిదే అనుకోండి). ఇంట్లో బలపం ఇస్తే మాత్రం నమిలేస్తున్నాడు. ప్లే స్కూల్ వాళ్లేమో రోజూ ఒక పేజీ రాయించమంటున్నారు. ఇప్పుడే మొదలుపెట్టాలా? ముందు తెలుగా, ఏబీసీడీలా?

పలక_పిల్ల: అక్కా, బలపం తింటుంటే ముందు డాక్టరుకు చూపించు. మా పాపకు రక్తం తక్కువని అట్లనే తేలింది.

నర్సంపేట_నాన్న: మా బిడ్డ నాలుగో ఏటే బొమ్మల పుస్తకం గడగడా చదివేది. చుట్టాల ముందు కాలర్ ఎగరేసిన. ఒకరోజు 'మొ' పేజీలో మొక్కజొన్న బొమ్మ మీద వేలు పెట్టి 'మక్కలు' అన్నది. బొమ్మకు చెయ్యి అడ్డం పెడితే నోట మాట లేదు. ఇన్నాళ్లూ చదివింది బొమ్మలే!

పరకాల_పోరి: తప్పేముందన్నా? ఇంట్లో మక్కలే అంటాం కదా. మా వాడు అట్లంటే టీచరమ్మ ఇంటూ కొట్టింది. అప్పటి నుంచి తెలుగు పుస్తకం ముడితే ఒట్టు.

నర్సంపేట_నాన్న: మాట తప్పని నేనన్నానా చెల్లె? 'మొ'ను 'మ' అంటే అది చదువెట్లయితది?

పరకాల_పోరి: 'మ' దగ్గరనే మక్కలు బొమ్మ వేస్తే ఏం పోయింది?

నర్సంపేట_నాన్న: పుస్తకం నేను అచ్చేయించిన్నా? నా మీద ఎగురుతవేంది!

రిటైర్డ్_సార్: ఇద్దరూ ఆగండి. 31 ఏళ్లు ఒకటో తరగతికే చెప్పాను. 56 అక్షరాలూ వరసగా రుద్దితే ఋ, ౠ దగ్గరే పిల్లలు పారిపోతారు. నాలుగైదు అక్షరాలు రాగానే మాట చదివించాలి. మా మనవరాలికి బస్సు బోర్డులతోనే నేర్పా. ముందు పరకాల, జనగామ. ఒత్తు లేదు, దీర్ఘం ఒక్కటే. తర్వాత ములుగు, మూడూ కొమ్ములే. ఒత్తూ సున్నా ఉన్న నర్సంపేట ఆఖరున. రాత మాత్రం వేళ్లు గట్టిపడ్డాకే. 2020 జాతీయ విద్యా విధానమే ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటోంది.

కాజీపేట_తమ్ముడు: ఆ మాట ప్లే స్కూళ్లకు చెప్పండి సార్. అది సరే, హన్మకొండా, హనుమకొండా? 2021లో జిల్లాకు హనుమకొండ అని పెట్టారు, అక్క ఐడీ ఇంకా పాతదే.

రిటైర్డ్_సార్: నోటికి హన్మకొండ, బోర్డుకు హనుమకొండ.

పరకాల_పోరి: చూసిన్రా! ఊరి పేరుకైతే నోటికొకటి, బోర్డుకొకటి. మక్కలకే ఇంటూ!

హన్మకొండ_అమ్మ: నేనడిగింది తెలుగా, ఏబీసీడీలా అని...

పలక_పిల్ల: డాక్టరు దగ్గరికి పోయినవా అక్కా?