రెండు చేపలకే పీచు పీచవుతున్న ఫెజెంట్ టెయిల్ నింఫ్: నా కట్టుడులో తప్పెక్కడ?

కొత్తకట్టు:

అందరికీ నమస్కారం. ట్రౌట్ చేపల కోసం నింఫ్‌లు (గాలం మీద ఈకలూ బొచ్చూ చుట్టి నీటిపురుగు పిల్లల్లా చేసే ఎరలు) కట్టడం నాలుగు నెలలుగా నేర్చుకుంటున్నాను. కుందేలు బొచ్చుతో కట్టే హేర్స్ ఇయర్ బాగానే నిలుస్తోంది. ఫెజెంట్ పక్షి తోక ఈకతో కట్టే ఫెజెంట్ టెయిల్ దగ్గరే దెబ్బతింటున్నాను. వాడుతున్నవి 16 నంబరు గాలం, 2.5 మి.మీ. ఇత్తడి పూస, ఆరు ఈకపోగులు, సన్న రాగితీగ. గాలాన్ని బిగించి పట్టే వైస్‌లో ఉన్నంతసేపూ ముచ్చటగా ఉంటుంది. మొదటి చేప పడ్డాక ఒక పోగు లేస్తుంది. రెండోదాని నోట్లోంచి తీసేసరికి పోగులు తెగి వేలాడుతుంటాయి, తీగ వదులై తోకవైపు జారిపోతుంది.

నిన్న సాయంత్రం మోకాలిలోతు నీళ్ళలో నిలబడి మూడు మార్చాను. మూడోది కూడా పోయేసరికి చేపలు ఇంకా మేస్తూనే ఉన్నాయి, నా డబ్బాలో ఆ రకం ఒక్కటీ మిగల్లేదు. చాలా బాధేసింది.

ఇంటికొచ్చాక పాడైన ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. పోగులు పొట్ట మధ్యలో తెగాయి. తీగ మాత్రం పోగుల మీదుగా లేదు, చుట్టుకూ చుట్టుకూ మధ్య సందులో పడుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చివర్లో దారం ఊడకుండా వేసే ముడి, విప్ ఫినిష్, వేద్దామంటే పూస వెనక చోటు ఉండట్లేదు, దారం పూస మీదికి ఎక్కేస్తోంది. కాస్త దారి చూపించండి.

ఏటిగట్టు:

భూతద్దం కింద మీరు చూసినదాంట్లోనే జవాబు ఉందండీ. పోగులు చుట్టిన దిక్కుకే తీగనూ చుట్టారు. అలా చుడితే తీగ వెళ్ళి పోగుల సందులో కూర్చుంటుంది, ఒక్క పోగును కూడా అదిమి పట్టుకోదు. ట్రౌట్‌కి దవడల మీదే కాదు, నాలుక మీదా అంగిట్లోనూ పళ్ళుంటాయి. వాటిలో ఒక్కటి తగిలి ఒక్క పోగు తెగినా, చుట్టంతా ఊడి వచ్చేస్తుంది.

మీది కుడిచేతివాటం అయితే పోగుల్ని గాలం కాడ మీదుగా అవతలికి తిప్పుతారు కదా. తీగను మాత్రం ఇవతలికి తిప్పండి. అప్పుడది ప్రతి పోగునూ అడ్డంగా దాటుతుంది. 16 నంబరుకి ఐదు చుట్లు వేస్తే చాలు. ఆ తర్వాత ఏ పోగు తెగినా, ఇటొక చుట్టూ అటొక చుట్టూ దాన్ని పట్టుకునే ఉంటాయి.

తీగ జారడానికి కారణం వేరే. బహుశా దాన్ని తోక దగ్గర రెండు మూడు దారపు చుట్లతో ఆపి వదిలేస్తున్నారు. పూస వెనక నుంచి తోక దాకా తీగను కాడ పక్కనే ఆనించి, పొడవునా దారంతో కప్పుకుంటూ వెళ్ళండి. పొట్ట కూడా ఎత్తుపల్లాలు లేకుండా సమంగా వస్తుంది. తీగ చుట్టడం అయ్యాక పూసవైపు చివర దారంతో నాలుగైదు గట్టి చుట్లు వేసి, మిగిలిన తీగను వెనక్కి మడిచి దాని మీద ఇంకో రెండు చుట్లు వేయండి. కత్తెర వాడొద్దు. తీగ కొసను పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ ఉంటే మొదలంటా తెగిపోతుంది. కత్తెర పదునూ దక్కుతుంది, గరుకు మొన కూడా మిగలదు.

పోగుల గురించి ఒక్క మాట. కోసేముందు వాటిని ఈక కాడకు నిటారుగా లాగి పట్టుకుంటే కొసలన్నీ ఒక వరసలోకి వస్తాయి. చుట్టేముందు వేలు తడిచేసుకుని వాటి మీద ఒకసారి రాయండి. ఎండుపోగు విరుగుతుంది, తడిపోగు వంగుతుంది. కాడ మీది దారానికి జిగురు సన్నగా పూసి, అది ఆరకముందే పోగుల్ని చుట్టేయండి. చాలామంది ఈ జిగురు మానేస్తారు. నేను మాత్రం ఎప్పుడూ మానను.

ఇక చోటు సంగతి. పూస వెనక ఇంకో పూస పట్టేంత ఖాళీ ఉండగానే పొట్ట ఆపేయండి. అప్పుడు ఛాతీకి కుందేలు బొచ్చు వేసుకున్నాక కూడా ముడికి చోటు మిగులుతుంది. ఆ బొచ్చు ఎంత వేయాలంటే, వేళ్ళ మధ్య పట్టుకుంటే అవతలి వెలుతురు కనిపించాలి. ముడి వేసేముందు దారపు ఉండను పట్టుకునే బాబిన్‌ను వదిలి, పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరిగేలా ఒకసారి తిప్పండి. దారంలో మెలి విడిపోయి పట్టీలా పరుచుకుంటుంది. నాలుగు చుట్ల విప్ ఫినిష్ వేసినా లావుగా కనబడదు. ఇది అలవాటయ్యాకే నా నింఫ్‌ల మెడలు సన్నబడ్డాయి.

రాగితీగ:

పై సలహాలన్నీ బాగున్నాయి. నేనైతే అసలు దారమే వాడను. ఈ నింఫ్‌ను తయారుచేసిన ఫ్రాంక్ సాయర్ ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేశాడు. ఆయన కట్టుడులో ఉన్నవి రెండే, ఫెజెంట్ తోక ఈకపోగులూ సన్నటి రాగితీగా. పోగుల్నీ తీగనూ కలిపి తాడులా పేని, ఆ తాడునే కాడకు చుట్టేవాడు. అలా చేస్తే ప్రతి పోగులోనూ తీగ మెలిపడి ఉంటుంది, తెగినా ఎక్కడికీ పోదు. బరువు కూడా ఆ రాగిదే. ఛాతీ దగ్గర కొన్ని చుట్లు ఎక్కువేసి గూని తెచ్చేవాడు. కాళ్ళు పెట్టలేదు, ఎందుకంటే ఈదే నింఫ్ కాళ్ళను ఒంటికి ముడుచుకుంటుందని ఆయన నీళ్ళలో గమనించాడు. పూస లేకుండా ఒకసారి అలా కట్టి చూడండి.

లోతుమడుగు:

నిదానంగా పారే తేటనీళ్ళలో పూస లేకపోయినా నడుస్తుంది, ఒప్పుకుంటాను. రాళ్ళ మధ్య ఉరికే నీళ్ళలో మాత్రం బరువు కావాల్సిందే. నింఫ్ అడుక్కి చేరకపోతే ఎంత అందంగా కట్టినా చేప కంటపడదు. అంతే పరిమాణంలో టంగ్‌స్టన్ పూస ఇత్తడిదానికి రెట్టింపు పైగా బరువు తూగుతుంది. ఏది వేసినా దాని వెనక దారంతో చిన్న గట్టు కట్టి పూసను బిగించండి. వదులుగా తిరిగే పూస అంచు దారాన్ని కోసేస్తుంది.

ఒక ప్రశ్న. గాలం తీసేటప్పుడు ఫోర్సెప్స్‌తో (సన్న పట్టకారుతో) ఎక్కడ పట్టుకుంటున్నారు?

కొత్తకట్టు:

పొట్ట దగ్గరే పట్టుకుంటున్నానండీ. మీరు అడిగేదాకా ఆ ఆలోచనే రాలేదు.

లోతుమడుగు:

సగం తప్పు అక్కడే ఉంది. పళ్ళున్న ఫోర్సెప్స్‌తో పొట్ట నొక్కితే ఏ పోగైనా నలిగిపోతుంది. గాలం వంపు దగ్గర పట్టుకోండి. గాలం మొన దగ్గరుండే ఎదురుముల్లును ముందే నొక్కేసుకుంటే అంత గట్టిగా లాగే పనుండదు, చేపకూ నొప్పి తక్కువ.

కొత్తకట్టు:

పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఏటిగట్టు గారు చెప్పినట్టు ఆరు కట్టాను. మొదటి రెండింటికీ అలవాటు కొద్దీ తీగను మళ్ళీ అవతలికే తిప్పాను, విప్పి మళ్ళీ చుట్టాను. జిగురు పూసి తడిపోగు చుడుతుంటే ఒక్కటీ విరగలేదు. పూస వెనక మొదటిసారి ముడి దానంతటదే కూర్చుంది.

నిన్న ఒకే నింఫ్‌తో తొమ్మిది చేపలు పట్టి వదిలేశాను. ప్రతిసారీ వంపు దగ్గరే పట్టుకుని తీశాను. ఇంటికొచ్చి మళ్ళీ భూతద్దం కింద పెట్టాను. ఒకచోట రెండు పోగులు తెగి ఉన్నాయి. వాటికి అటూ ఇటూ తీగ అడ్డంగా ఉంది, తెగిన కొసలు చిన్న కాళ్ళలా పైకి లేచి ఉన్నాయి. గోటితో లాగి చూశాను, రాలేదు.

రాగితీగ గారూ, ఈ వారం 18 నంబరు మీద మీ పద్ధతి మొదలుపెడుతున్నాను. పోగులూ తీగా కలిపి పేనేటప్పుడు మెలి ఎంత బిగువుగా ఉండాలో చెప్తారా? రెండుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లూ పోగులు కొసల దగ్గర పుటుక్కున తెగాయి.

రాగితీగ:

కొసలు బలహీనంగా ఉంటాయండీ, వాటిని తోకకే వాడేయండి. లావుగా ఉన్న మొదళ్ళ వైపు మాత్రమే పేనండి. తాడు గుండ్రంగా మారి, పోగుల పీచు బయటికి నిక్కబొడుచుకోగానే ఆపేయండి. 18కి నాలుగు పోగులు సరిపోతాయి.