నాలుగో తరగతి పిల్లాడి బ్యాగు ఎవరు సర్దాలి? మరిచిపోయిన నోట్సు స్కూలుకి తీసుకెళ్ళి ఇవ్వాలా, వద్దా?

నిజాంపేట_లత (ఆదివారం, రాత్రి 9:40)
అందరికీ నమస్కారం. మా బాబుకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. లెక్కలు నోటితోనే చేసేస్తాడు గానీ రోజూ ఏదో ఒకటి మరిచిపోతాడు. డైరీ, ఐడీ కార్డు, పెన్సిల్ బాక్స్, ఏదైనా సరే. రెండేళ్ళుగా రాత్రి బ్యాగు నేనే సర్దుతున్నాను. గురువారం ఆఫీసు పనిలో పడి చూడలేదు, హిందీ నోట్సు ఇంట్లోనే ఉండిపోయింది. క్లాస్ టీచర్ నుంచి వాట్సాప్ మెసేజ్ వస్తే మీటింగ్ మధ్యలో లేచి స్కూటీ మీద వెళ్ళి గేటు దగ్గర ఇచ్చి వచ్చాను. ఆ రాత్రి మా ఆయన "నువ్విలా చేస్తూ పోతే వాడు ఎప్పటికీ నేర్చుకోడు, ఇకమీదట ఆ బ్యాగు ముట్టుకోకు, రెండుసార్లు తిట్లు తింటే వాడే దారికొస్తాడు" అన్నారు. స్కూల్ కౌన్సెలర్ ఏమో పిల్లాడికి ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ నైపుణ్యాలు పెంచాలన్నారు. అంటే చేయాల్సింది గుర్తుపెట్టుకోవడం, వరసలో చేసుకుపోవడం, మధ్యలో మనసు మళ్ళితే వెనక్కి తెచ్చుకోవడం అట. ఎలా పెంచాలో మాత్రం చెప్పలేదు. రేపటి నుంచి పూర్తిగా మానేయమంటారా?

ఒంగోలు_మాస్టారు (ఆదివారం, 10:05)
మానేయండమ్మా. 32 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పనిచేశాను, కొంచెం అనుభవంతోనే చెబుతున్నాను. మిరప కోతల కాలంలో తల్లిదండ్రులు చీకటితోనే పొలానికి వెళ్ళిపోతే ఆ పిల్లలే లేచి, చెల్లెలికి జడ వేసి, చద్దన్నం తిని, పుస్తకాలు సర్దుకుని నడిచి బడికి వచ్చేవాళ్ళు. వాళ్ళకి ఏ కౌన్సెలరూ ఏ నైపుణ్యమూ నేర్పలేదు, అవసరమే నేర్పింది. మీ అబ్బాయికి ఆ అవసరం రానివ్వడం లేదు మీరు. అమ్మ సర్దుతుందని తెలిసినప్పుడు వాడెందుకు గుర్తుపెట్టుకుంటాడు?

హన్మకొండ_రవి (ఆదివారం, 10:11)
మా ఇంట్లోనూ ఇదే గొడవ. ఏం తేలుతుందో చూద్దాం.

బరువు_తగ్గించండి (ఆదివారం, 10:30)
అసలు నాలుగో తరగతికి అన్ని పుస్తకాలు ఎందుకు? 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదు. 26 కిలోల పిల్లాడికి 2.6 కిలోలు. మూడు నుంచి అయిదో తరగతి వరకు హోంవర్క్ వారానికి రెండు గంటలకు మించకూడదు. మీ వాడి బ్యాగు తూకం వేసి చెప్పండి.

విశాఖ_ఓటీ (ఆదివారం, 11:15)
లత గారూ, నేను పిల్లలకి రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. కౌన్సెలర్ చెప్పిన దాంట్లో ముఖ్యంగా మూడు ఉంటాయి. ఒక విషయాన్ని మనసులో పట్టి ఉంచుకుని దానితో పని చేయడం, చేయాలనిపించిన దాన్ని కాసేపు ఆపుకోవడం, పరిస్థితి మారితే దారి మార్చుకోవడం. వీటికి ఆధారమైన మెదడు ముందు భాగం పాతికేళ్ళు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. తొమ్మిదేళ్ళవాడు మరిచిపోతున్నాడంటే బద్ధకం అనుకోనక్కర్లేదు.

మాస్టారు గారు చెప్పిన దాంట్లో నిజం ఉంది, మీరు సర్దినంతకాలం వాడికి ఆ పని రాదు. కానీ ఈ రాత్రి దాకా అంతా మీరు, రేపటి నుంచి ఏమీ లేదు అంటే వాడికి మధ్యలో మెట్లే ఉండవు. ముందు ఒక వారం ఇద్దరూ కలిసి సర్దండి, వాడు టైమ్ టేబుల్ పైకి చదవాలి, పుస్తకాలు మీరు అందించాలి. తర్వాత వారం వాడు పెడుతుంటే మీరు ఊరికే పక్కన కూర్చోండి. సర్దిన బ్యాగు ఎలా ఉండాలో ఫోటో తీసి అతికించండి. ఆ తర్వాత అడగాల్సిన మాట ఒక్కటే, "ఇంకేం మిగిలింది?" అని. "హిందీ పెట్టావా?" అని అడిగితే గుర్తుపెట్టుకునే పని మీరే చేసినట్టు, వాడు అవుననో కాదనో అంటాడు, అంతే. నేను చూసినంతలో చాలా ఇళ్ళల్లో పని ఇక్కడే ఆగిపోతుంది.

జ్ఞాపకశక్తి పెంచుతామనే యాప్‌లకు డబ్బు పోయకండి. ఆ ఆటలో పిల్లాడు మెరుగవుతాడు గానీ, అది బ్యాగు దాకా, చదువు దాకా వస్తుందన్నదానికి రుజువు చాలా బలహీనం.

అవధానప్రియుడు (సోమవారం, ఉదయం 6:20)
ఇదంతా పడమటి నుంచి కొత్తగా వచ్చినట్టు మాట్లాడుతున్నారు. మన అష్టావధానం ఏమిటి మరి? ఒకాయన నిషిద్ధాక్షరి అని ఒక్కో అక్షరం వాడొద్దని అడ్డుపడుతుంటాడు, ఇంకొకాయన అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస మళ్ళిస్తుంటాడు, అవధాని అన్నీ పట్టుకుని చివర పద్యాలన్నీ ధారణ చేస్తాడు. పిల్లలకి రోజుకో పద్యం కంఠతా పెట్టించండి, అన్నీ అవే వస్తాయి.

విశాఖ_ఓటీ (సోమవారం, 8:02)
అవధానం పోలిక నాకు చాలా నచ్చిందండీ. నిషిద్ధాక్షరి అంటే నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని వేరే దారి వెతకడమే. కానీ పద్యం కంఠతా వచ్చిన పిల్లాడికి బ్యాగు సర్దడం దానంతట అదే రాదు, దేనికది సాధన చేయాలి. ఆటలైతే చిన్నపిల్లలకి మంచివి. నేల-బండ ఆడేటప్పుడు కాలు ముందుకు పడబోతుంటే ఆపుకోవాలి, అష్టాచమ్మాలో ఏ కాయ ముందు కదపాలో ఆలోచించాలి.

ఒంగోలు_మాస్టారు (సోమవారం, 8:40)
మెట్లు, ఫోటోలు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ పిల్లాడు ఆగడం నేర్చుకోవాలంటే ఆపాలి కదా. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన ప్రయోగం అందరికీ తెలిసిందే, పిల్లల ముందు మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువుల్లో ముందున్నారు. కష్టం తెలియని పిల్లవాడు దేనికీ ఆగలేడు.

కాకినాడ_సుధీర్ (సోమవారం, 9:15)
మాస్టారూ, అది పాత లెక్క. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్ళీ చూస్తే, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు తగ్గిపోయింది. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఇంకొకటి చేశారు. మిఠాయి పెట్టే ముందు కొందరు పిల్లలకి మంచి రంగులు తెస్తామని చెప్పి తెచ్చారు, ఇంకొందరికి చెప్పి తేలేదు. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్ళ దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పినవాళ్ళ దగ్గర 3 నిమిషాలే. కష్టం పెట్టడం కంటే ఎదుటి మనిషిని నమ్మగలగడమే పెద్ద సంగతి అని నాకు అర్థమైంది.

బరువు_తగ్గించండి (సోమవారం, 9:30)
బ్యాగు బరువు ఎంతో ఇంకా చెప్పలేదు.

నిజాంపేట_లత (మంగళవారం, రాత్రి 10:50)
ఓటీ మేడమ్ చెప్పినట్టు మెల్లగా చేద్దామనుకున్నాను. ఈయన ఒప్పుకోలేదు, సోమవారం నన్ను బ్యాగు ముట్టుకోనివ్వలేదు. వాడు లెక్కల నోట్సు మరిచిపోయాడు. రెండు పీరియడ్లు క్లాసు బయట నిలబెట్టారు. అటుగా వెళ్ళే పిల్లలందరూ చూశారట. బాక్సు అలాగే తెచ్చాడు, ఒక్క మెతుకు తినలేదు. ఈరోజు పొద్దున కడుపునొప్పి అని మంచం దిగలేదు.

ఒంగోలు_మాస్టారు (మంగళవారం, 11:05)
ఒక్కరోజుకే ఇలా బెంబేలెత్తిపోతే ఎలాగమ్మా. రెండోసారి వాడే గుర్తుపెట్టుకుంటాడు చూడండి.

నిజాంపేట_లత (మంగళవారం, 11:20)
అమ్మా అమ్మా అంటూ నాకు పాఠం చెప్పకండి సార్. మర్యాదగానే చెబుతున్నాను. తప్పు చేస్తే దాని ఫలితం అనుభవించాలి అంటారు, సరే. నోట్సు మరిచిపోతే దాని ఫలితం ఏమిటి? పక్క పిల్లాడిని అడగడం, కాగితం మీద రాసుకుని ఇంటికొచ్చి ఎక్కించుకోవడం. బయట నిలబెట్టడం ఫలితం కాదు, అది ఒక పెద్దమనిషి వేసిన శిక్ష. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని చెబుతోంది. మా వాడు మొన్న నేర్చుకున్నది నోట్సు పెట్టుకోవడం కాదు, కడుపునొప్పి అని చెప్పడం.

ఇంకొక మాట. మానేయి అని చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఈయన, ఇక్కడ మీరు. మెసేజ్ వచ్చేది నా ఫోన్‌కి. పేరెంట్స్ మీటింగ్‌లో "మీరు ఇంట్లో చూసుకోవడం లేదా" అని అడిగేది నన్ను. రెండేళ్ళలో ఈయన ఒక్కసారి వాడి టైమ్ టేబుల్ తెరిచి చూడలేదు.

కందుకూరు_పద్మ (బుధవారం, ఉదయం 5:45)
నేను ఎప్పుడూ రాయను, చదువుతుంటాను. మాస్టారు చెప్పిన పిల్లని నేనే. మా అమ్మ కోతలకు పోతే చెల్లెలికి జడ వేసి, అన్నం పెట్టి బడికి పోయేదాన్ని. ఎనిమిదో తరగతిలో మానేశాను. మానేసిన వాళ్ళం మీ లెక్కలోకి రాలేదేమో సార్, బడికి వచ్చినవాళ్ళే మీకు కనపడి ఉంటారు. జడ వేయడం కూడా ఊరికే రాలేదు. మా అమ్మ కోతలకు పోయేముందు లాంతరు పెట్టి, నా చేతులమీద చేతులుపెట్టి చాలా రోజులు వేయించింది. అప్పటికే ఆలస్యమై మేస్త్రీ తిట్టేవాడు ఆమెను.

హన్మకొండ_రవి (బుధవారం, 7:10)
పద్మ గారూ, ఇది రాసినందుకు చాలా థ్యాంక్స్.

ఒంగోలు_మాస్టారు (బుధవారం, రాత్రి 9:30)
పొద్దున్నుంచీ పద్మమ్మ మాట మీదే ఉన్నాను. నేను హాజరుపట్టీలో పేర్లున్న వాళ్ళ గురించే చెప్పాను, కొట్టేసిన పేర్ల గురించి చెప్పలేదు. అది తప్పే. లత గారూ, బయట నిలబెట్టడాన్ని నేను సమర్థించకూడదు. మా రోజుల్లో నేనూ చేశాను.

నా పట్టుదల ఎందుకో కూడా చెబుతాను. మా అబ్బాయికి 22 ఏళ్ళు. పదో తరగతి దాకా వాళ్ళమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టింది, పుస్తకాలకి అట్టలు వేసింది, నేను చూస్తూ ఊరుకున్నాను. ఇంటర్‌కి హాస్టల్ ఉన్న కాలేజీలో వేశాం. అక్కడ అన్నిటికీ గంటే. లేవడానికి గంట, స్నానానికి గంట, స్టడీ అవర్‌కి గంట, పడుకోవడానికి గంట. మార్కులు బాగా వచ్చాయి. బీటెక్‌లో చేరాక గంట కొట్టేవాళ్ళు లేరు. హాజరు 65 శాతం కూడా లేక డిటెయిన్ చేశారు, ఆ సంగతి మాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. పది గంటలకి లేస్తాడు. అడిగితే రేపటి నుంచి మొదలుపెడతాను అంటాడు, వాడు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అనుకుంటాడు, మొదలుపెట్టడం చేతకాదు. మీరు బ్యాగు సర్దుతున్నారని చదవగానే నాకు వాడే కనిపించాడు.

నిజాంపేట_లత (బుధవారం, 10:15)
మాస్టారూ, నిన్న కోపంలో రాశాను, ఏమీ అనుకోకండి. కానీ మీరు చెప్పింది చూస్తే, ఇంట్లో అమ్మ చేసింది, అక్కడ గంట చేసింది, మధ్యలో వాడి చేత ఎవరూ చేయించలేదు. నేను భయపడేది కూడా అదే. నేను సర్దితే మీ అబ్బాయిలా అవుతాడని మీ భయం, వదిలేస్తే బడి అంటేనే వణికిపోతాడని నా భయం.

ఈరోజు సాయంత్రం మీ పోస్టు ఈయనకి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. ఎనిమిదిన్నరకి వాడితో పాటు నేల మీద కూర్చుని టైమ్ టేబుల్ తీశారు. గురువారం ఏ పీరియడ్లో ఏముందో ఈయనకి తెలియదు కాబట్టి వాడే చెప్పాల్సి వచ్చింది. బరువు కూడా చూశాం, 4 కిలోల 300 గ్రాములు. శుక్రవారం స్కూలుకి వెళ్ళి మరిచిపోతే బయట నిలబెట్టొద్దని, సాయంత్రం డైరీ రాసుకోవడానికి క్లాసులోనే అయిదు నిమిషాలు ఇవ్వమని అడుగుతాం. ఇద్దరం వెళ్తున్నాం.

బరువు_తగ్గించండి (బుధవారం, 10:18)
4.3 కిలోలు! ఆ సంగతి కూడా అడగండి, పాలసీ కాపీ ప్రింట్ తీసుకెళ్ళండి.

ఒంగోలు_మాస్టారు (బుధవారం, 10:40)
ఓటీ మేడమ్, 22 ఏళ్ళవాడికి ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖ_ఓటీ (గురువారం, ఉదయం 7:30)
మెదడు ఇంకా ఎదిగే వయసే మాస్టారూ, ఆలస్యమేమీ కాలేదు. రోజుకి ఒక్క పని ఎంచుకోమనండి, మీరు కాదు, అతనే. ఎన్ని గంటలకి, ఎక్కడ కూర్చుని అన్నది అతని చేతే కాగితం మీద రాయించండి. మొదటి పది నిమిషాలు మీరు పక్కన కూర్చోండి, పేపర్ చదువుకుంటూ ఉన్నా సరే, ఏమీ అడగకండి. నిద్ర, దిగులు కూడా ఒకసారి డాక్టర్‌కి చూపించండి, చిన్నప్పటి నుంచీ ధ్యాస నిలవని ఇబ్బంది ఉంటే ఇప్పుడైనా తెలుస్తుంది.

హన్మకొండ_రవి (గురువారం, 7:52)
మా పాపకి ఏడేళ్ళు. ఆ ఫోటో తలుపు మీద అతికించాలా, చదువుకునే బల్ల దగ్గరా?

విశాఖ_ఓటీ (గురువారం, 8:05)
బ్యాగు ఎక్కడ పెడుతుందో అక్కడ, పాప కళ్ళ ఎత్తులో.