సైక్లింగా ఫుట్‌బాలా... రెండూ ఎలా చూస్తున్నారు మీరంతా?

రెండుగోడల పిల్లి:

చిన్నప్పట్నుంచీ నాకు ఈ రెండే పిచ్చి. 1998 వరల్డ్ కప్ ఫైనల్లో జిదాన్ రెండు హెడ్డర్లు కొట్టాడు కదా, సరిగ్గా దాని ముందు రోజే డబ్లిన్‌లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు మొదలైంది, రెండూ చూశా, అప్పుడు టైమ్ అనేది అసలు సమస్యే కాదు. ఇప్పుడు వారానికి చేతిలో మిగిలేది ఏడెనిమిది గంటలు. మ్యాచ్ అయితే రెండు గంటల్లో తేలిపోద్ది, రేసులో కొండల స్టేజీ (ఒక రోజు తొక్కే భాగం) అంటే ఐదు గంటలు, అలా మూడు వారాల్లో 21 స్టేజీలు!

2023 మే 27న మాత్రం నా పని అయిపోయింది. ఒకపక్క ఇటలీ రేసు జిరోలో మోంటే లుస్సారి కొండ మీదికి టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కేది), ఇంకోపక్క జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లిగా ఆఖరి రోజు, డార్ట్‌మండ్ గెలిస్తే చాలు టైటిల్ వాళ్ళదే. టీవీలో అది, ఫోన్లో ఇది పెట్టుకుని కూర్చున్నా. జిరోలో రోగ్లిచ్ సైకిల్ చైన్ పడిపోయినప్పుడు నా కళ్ళు ఫోన్ మీద ఉన్నాయి, కొలోన్‌లో ముసియాలా 89వ నిమిషంలో గోల్ కొట్టి టైటిల్ బయెర్న్‌కి లాగేసినప్పుడేమో టీవీ మీద. రెండూ రీప్లేలోనే చూశా. రెండూ చూద్దామని కూర్చుని ఏదీ చూడకపోవడం అంటే ఇదే. మీరెలా సర్దుకుంటున్నారు? ఏదో ఒకటి వదిలేసినవాళ్ళు ఉన్నారా?

ఆఖరి 30 కిలోమీటర్లు:

బ్రో, స్టేజీ మొత్తం చూడాలని ఎవరన్నారు మీకు? ఫ్లాట్ స్టేజీ అంటే స్ప్రింటే కదా, ఆఖరి అరగంట చాలు. మిలాన్ శాన్ రెమో ఒక్కరోజు రేసే, దాదాపు 300 కిలోమీటర్లు ఉంటుంది కానీ కథంతా చివర్లో చిప్రెస్సా, పొజ్జో కొండలు ఎక్కేటప్పుడే. పారీ రూబే రేసు ఒక్కటీ మినహాయింపు, దానికి రాళ్ళ రోడ్డు మొదలైన దగ్గర్నుంచీ కూర్చోవాలి, ఎవడు ఎక్కడ పడతాడో ఎవడికి పంక్చరవుద్దో తెలీదు.

ఇంకోటి, రేసులు ఎక్కువగా మధ్యాహ్నాలు, పెద్ద మ్యాచ్‌లు రాత్రిళ్ళు, కాబట్టి నిజంగా కొట్టుకునేది శని ఆదివారాల్లోనే, అదీ మార్చి నుంచి మే దాకా. అక్టోబర్లో లొంబార్డియా రేసు అయిపోయాక పెద్ద రోడ్ రేసులు మళ్ళీ కొత్త ఏడాదిలోనే, ఆ నెలలన్నీ ఫుట్‌బాల్‌కి రాసిచ్చేయండి. నేనైతే సెప్టెంబర్లో ఛాంపియన్స్ లీగ్ అస్సలు ముట్టుకోను. మొదటి దశలోనే 36 టీములు తలా 8 మ్యాచ్‌లు ఆడితే ఎన్ని చూస్తాం చెప్పండి.

పాత జెర్సీ:

పైన చెప్పిందంతా టైమ్ టేబుల్ అండీ, ఈయన అడిగేది అది కాదనిపిస్తోంది నాకు. ఫుట్‌బాల్లో మనం పట్టుకునేది క్లబ్‌ని, ప్లేయర్లు వస్తారు పోతారు, క్లబ్ మాత్రం మనం పోయాక కూడా ఉంటుంది. సైక్లింగ్‌లో టీమ్‌ని పట్టుకుని వేలాడదామంటే పేరే నిలవదు, స్కై 2019లో ఇనియోస్ అయింది, జంబో విస్మా 2024లో విస్మా లీజ్ ఎ బైక్ అయింది, రేపు ఇంకో కంపెనీ డబ్బు పెడితే ఇంకో పేరు. అందుకని మనిషిని పట్టుకుంటాం. ఆ మనిషికి మంచి ఏళ్ళు ఎన్నుంటాయి, ఏడో ఎనిమిదో. ఒక సీజన్ చూడకపోతే నా క్లబ్ ఎక్కడికీ పోదు, పొగాచార్ ఇలా తొక్కే ఏళ్ళు మాత్రం మళ్ళీ రావు, అందుకే ఇప్పుడు నా ఓటు రేసులకే.

అలాగని మనిషిని నమ్ముకోవడం తేలికేం కాదు. 2012లో డోపింగ్ చేశాడని ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర్నుంచి 7 టూర్ టైటిళ్ళూ లాగేసుకున్నాక నేను కొన్నేళ్ళు సైకిల్ రేసు పెడితే ఛానెల్ మార్చేసేవాణ్ణి, అప్పుడు నన్ను నిలబెట్టింది ఫుట్‌బాలే. కాబట్టి దేన్నీ పూర్తిగా వదలకండి, ఒకటి మనసు విరిచినప్పుడు ఇంకోటి కావాలి.

ఆఫ్‌సైడ్ అన్న:

నాకు ఈ గొడవే లేదు, రెండూ ఒకే రోజు పడితే నాకు పండగ. 2014 జులై 13 గుర్తుందా, పగలు టూర్‌లో టోనీ మార్టిన్ ఒక్కడే వెళ్ళిపోయి ములూజ్‌లో స్టేజీ గెలిచాడు, రాత్రి గోట్సే 113వ నిమిషంలో గోల్ కొట్టి వరల్డ్ కప్ తెచ్చాడు, ఇద్దరూ జర్మన్లే. 2018లో కూడా అంతే, వరల్డ్ కప్ కోసం టూర్‌నే ఒక వారం ఆలస్యంగా మొదలెట్టారు, అయినా ఫైనల్ రోజే రూబే స్టేజీ వచ్చింది, డెగెన్‌కోల్బ్ గెలిచాడు, కళ్ళు తుడుచుకుని మ్యాచ్ పెట్టుకున్నా. నిర్వాహకులే సర్దుకుంటుంటే మీకేంటి కష్టం. అసలు బెల్జియం సైక్లిస్ట్ ఎవెనెపోల్‌ని చూడండి, ఆండర్లెక్ట్, పీఎస్‌వీ అకాడమీల్లో ఫుట్‌బాల్ ఆడి 2017లో సైకిలెక్కాడు, 2024 ఒలింపిక్స్‌లో రెండు గోల్డ్‌లు. ఆడేవాడే మారిపోతే చూసేవాళ్ళం మనకెందుకు గిల్టు 😄

రెండుగోడల పిల్లి:

అందరికీ థ్యాంక్స్. "క్లబ్ ఎక్కడికీ పోదు" అన్నది గట్టిగా తగిలింది, నిజానికి నేను మ్యాచ్ మిస్సయితే తప్పు చేసినట్టు ఫీలవుతా, రేసు మిస్సయితే మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది, ఈ తేడా ఇన్నాళ్ళూ గమనించలేదు. ఆ లుస్సారి రోజు చైన్ పడ్డాక రోగ్లిచ్‌ని వెనక నుంచి తోసినాయన, అతనితో ఒకప్పుడు స్కీ జంపింగ్ చేసిన పాత టీమ్‌మేటంట, అది కూడా నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు 26 సెకన్లు వెనకబడి మొదలెట్టి 14 సెకన్ల తేడాతో జిరో గెలిచినవాణ్ణి లైవ్‌లో చూడకుండా ఫోన్లో కార్నర్ కిక్ చూస్తున్నా నేను.

ఇకనుంచి ఏప్రిల్ ఆదివారాలు రేసులకే, మ్యాచ్ రికార్డ్ చేసి రాత్రికి చూస్తా. ఒక్కటే భయం, మా ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒకడున్నాడు, గోల్ పడ్డ పది సెకన్లలో స్కోర్ టైప్ చేసేస్తాడు. వాణ్ణి ఆదివారాలు మ్యూట్‌లో పెట్టాలి, లేకపోతే గ్రూప్ నుంచే నేను బయటికి రావాలి.