పాలిప్ తీశాక క్యాల్షియం, పసుపు మాత్రలు వాడితే మళ్లీ రాదా?

గుంటూరు అబ్బాయి:
నాన్నగారికి 66. మలంలో రక్తం పడితే మొలలే అనుకుని ఏడాదిపాటు నాటుమందు వాడాం. పోయిన నెల కొలనోస్కోపీలో (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్ష) రెండు పాలిప్‌లు, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే కండలు, కనబడితే అప్పుడే తీసేశారు. పెద్దది 12 మి.మీ. బయాప్సీ కాగితంలో ‘ట్యూబ్యులర్ అడినోమా’ అని ఉంది, వదిలేస్తే ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారగల రకమట. ఇప్పుడైతే క్యాన్సర్ కాదు, మూడేళ్లకు మళ్లీ రండి అన్నారు. ఈలోగా బాబాయి క్యాల్షియం, ఫోలిక్ యాసిడ్, పసుపు క్యాప్సూల్స్ సంచీడు తెచ్చారు. ఇవి వేసుకుంటే ఇక పరీక్షే అక్కర్లేదట. ఎవరైనా వాడారా?

డాలస్ పద్మ:
నేను వాడానండీ, రెండేళ్లు. ఇక్కడ 45 నిండితే పరీక్ష చేయించుకోమంటారు, అలా నాదీ బయటపడింది. క్యాల్షియం మీద ఆశ ఊరికే పుట్టలేదు. 1999లో వచ్చిన అధ్యయనంలో పాలిప్ తీయించుకున్న 930 మందిని తీసుకుని కొందరికి రోజూ 1200 మి.గ్రా. ఇస్తే, మళ్లీ రావడం సుమారు ఐదోవంతు మేర తగ్గింది. కానీ 2015లో రెండువేల పైచిలుకు మందితో క్యాల్షియం, విటమిన్ డి విడివిడిగానూ, కలిపీ ఇచ్చి చూస్తే తేడా ఏమీ రాలేదు. పైగా వాళ్లనే ఇంకొన్నేళ్లు గమనిస్తే, క్యాల్షియం వేసుకున్నవాళ్లలో సెరేటెడ్ అనే ఇంకో రకం పాలిప్‌లు ఎక్కువ కనబడ్డాయి. అది తెలిశాక మానేశాను. ఎముకల కోసం డాక్టర్ రాస్తే అది వేరే సంగతి.

వరంగల్ మందుల షాపు:
అన్నా, ఆ ఫోలిక్ యాసిడ్ మాత్రం జర పక్కన పెట్టుర్రి. రోజుకు 1 మి.గ్రా. ఇచ్చి చూసిన్రు, 2007లో ఫలితం వచ్చింది. పాలిప్‌లు తగ్గలే. ఏళ్లు గడిచినంక మూడు, అంతకంటే ఎక్కువ వచ్చినోళ్లు ఆ మాత్ర మింగినోళ్లలోనే ఎక్కువున్నరు. రక్తహీనతకు డాక్టర్ రాస్తే మాత్రం ఆపొద్దు. పసుపు సంగతి, వంశపారంపర్యంగా వందల పాలిప్‌లు వచ్చే జబ్బున్నోళ్లకు పసుపుల ఉండే కర్క్యుమిన్ రోజుకు 3 గ్రాములు ఏడాది ఇచ్చినా ఫరక్ రాలే. కూరల వేసుకునే పసుపుకు భయం లేదు.

కాకినాడ సుబ్బు:
ఇసబ్‌గోల్ తాగితే పేగు కడిగినట్టుంటుందని మా అన్నయ్య గట్టిగా నమ్మేవాడండీ. రాత్రి గ్లాసులో కలిపి, అది చిక్కబడేలోపే గటగటా తాగేసేవాడు. విరేచనం సాఫీగా అయ్యేది కదా అని రెండో పరీక్షకు వెళ్లనే లేదు. ఆరేళ్ల తర్వాత కడుపు ఉబ్బి, పేగు మూసుకుపోతే అర్ధరాత్రి ఆపరేషన్ చేశారు. అప్పటికి అది పాలిప్ కాదు, క్యాన్సర్. ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో దేవేస్తుంది. యూరప్‌లో ఇదే ఇసబ్‌గోల్ రోజుకు 3.5 గ్రాములిచ్చి చూస్తే, పాలిప్‌లు తిరిగి రావడం ఇంకా పెరిగిందని 2000లో రాశారు. మలబద్ధకానికి తాగండి, పాలిప్‌కి మందు అనుకోకండి.

డాలస్ పద్మ:
సుబ్బుగారూ, మీ అన్నయ్యగారి సంగతి చదివి మనసు పాడైంది. గుంటూరు అబ్బాయ్, మూడేళ్లకు వెళ్లేటప్పుడు నాన్నగారు ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే ముందే డాక్టరుకు చెప్పు, వారం ముందు ఆపమంటారు. లేకపోతే పేగులో నల్లగా అతుక్కుని ఏమీ కనబడదు. జామపండు, టమాటా గింజలు కూడా ఆ రెండు మూడు రోజులు వద్దు. నీ వయసెంత? తండ్రికి 10 మి.మీ. దాటిన అడినోమా ఉంటే పిల్లలు 40కే చూపించుకోవాలి.

గుంటూరు అబ్బాయి:
నాకు 39 అండీ. అక్కకు 43. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. సంచీ బాబాయికి తిరిగిచ్చేస్తా. అక్కకు ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.