కంటిలోన నలుసా, కంటిలోని నలుసా?

గోళీసోడా:
ఒక సైన్సు పత్రికకి తెల్లకణాలు సూక్ష్మజీవుల్ని మింగుతాయని చెప్పిన రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్ వ్యాసాల మీద పరిచయం రాస్తున్నా. 1882లో ఇటలీలోని మెస్సీనాలో సముద్ర నక్షత్రం డింభకానికి (లార్వాకి) ముల్లు గుచ్చిన దగ్గర మొదలుపెట్టి, 1892లో అచ్చయిన పారిస్ ఉపన్యాసాల దాకా. నెత్తిన వేమన పద్యం పెడదామనుకున్నా. రాయి, జోరీగ, నలుసు, ముల్లు, అన్నీ బయటినుంచి వచ్చి దూరినవే కదా, ఇంతకంటే కుదిరే పద్యం దొరకదు. నాకు నోటికొచ్చింది "చెప్పులోన రాయి చెవిలోన జోరీగ, కంటిలోన నలుసు కాలిముల్లు". ఎడిటర్ గారేమో "లోన" ఉన్న ప్రతిచోటా "లోని" అని దిద్ది పంపారు. ఏది ఉంచను? రేపు సాయంత్రంలోగా పంపాలి, టెన్షన్‌గా ఉంది.

అరసున్న:
న అయినా ని అయినా లఘువే, యతి కూడా ఎక్కడా కదలదు. కాబట్టి గణాలు విడగొట్టి పోస్టు పెట్టబోతున్నవాళ్లు దయచేసి ఆగండి, ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. అసలు తగువు మూడో పాదంలో ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. "ఇంటిలోన పోరు ఇంతింత గాదయా" అని విడిగా రాస్తే విసంధి, అంటే సంధి చెయ్యని దోషం. కలిపి "పోరింతింత" అంటే గణం చెడింది. ఆ బాధ పడలేక కొందరు "పోరు నింతింత" అంటారు. పోరు ద్రుతప్రకృతికం (చివర నకారం వచ్చే మాట) కాదే, ఆ నకారం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

తాటాకు:
అరసున్న గారూ, మీరు మళ్లీ చిన్నయసూరిని తీసుకొచ్చి వేమన ముందు కూర్చోబెడుతున్నారు. ఊళ్లు తిరుగుతూ చెప్పినవాడికి విసంధి భయమేమిటి? బ్రౌన్ దొర 1829లో ఒకసారి, 1839లో ఇంకోసారి వేమన పద్యాలు అచ్చేయించాడు, ఆయనకే ప్రతికో పాఠం దొరికింది. నా అనుమానం మాత్రం వేరే. తాటాకు మీద గంటంతో గీసిన గుడి సగం పడితే "ని" కాస్తా "న" అయిపోతుంది, మసి పూసినప్పుడు కూడా కనిపించదు. ముందున్నది "ని"యే అయ్యుంటుంది.

అరసున్న:
ఒక్క పద్యంలో నాలుగు గుడులూ ఒకేసారి రాలిపోయాయా తాటాకు గారూ? ఆ లేఖకుడెవరో గానీ గుడి కనపడితే ఊరుకోడన్నమాట.

ల్యాబుకోటు:
నేను పద్యాలవాణ్ణి కాదు, రోజంతా ఎలుకల ప్లీహాలతో బతికేవాణ్ణి. కానీ ఈ న, ని తగువు మా రోగనిరోధక శాస్త్రంలో ముప్ఫై ఏళ్లుగా నడుస్తోంది, అందుకే దూరుతున్నా. "చెప్పులోని రాయి" అంటే తప్పు రాయిది. "చెప్పులోన రాయి" అంటే అది ఉన్న చోటుతోనే పేచీ, అదే రాయి రోడ్డు మీదుంటే ఎవడిక్కావాలి. మా శాస్త్రవేత్త జేన్‌వే 1989లో అమెరికాలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో చెప్పిందాన్ని నేను "ని" పాఠం అంటాను: సూక్ష్మజీవుల ఒంటి మీదే కొన్ని గుర్తులుంటాయి, వాటిని కనిపెట్టే గ్రాహకాలు మనకి పుట్టుకతో ఉంటాయి. ఉత్త ప్రొటీన్ ఎక్కిస్తే ఒళ్లు పెద్దగా పట్టించుకోదు, చంపిన క్షయ జాతి బాక్టీరియాని నూనెలో కలిపి ఎక్కిస్తేనే కదులుతుంది, అది మనం బయటికి చెప్పుకోని గుట్టు అని ఆయనే వెక్కిరించాడు. 1994లో పాలీ మాట్సింగర్ అనే ఇంకో శాస్త్రవేత్త వచ్చి "న" పాఠం చదివింది. పరాయిదా కాదా అన్నది కాదు ప్రశ్న, కణజాలానికి దెబ్బ తగిలిందా లేదా అన్నదే, దెబ్బతిన్న కణాలు పెట్టే కేకే లెక్క అని. కాబట్టి వేమన్న మాట్సింగర్ వైపు. ఓటు "న"కి.

గోళీసోడా:
అన్నా, బాగుంది గానీ నా వ్యాసం మెచ్నికాఫ్ మీద. ఆయన ఎటు?

ల్యాబుకోటు:
ఆయన ముల్లు వైపు. మామూలుగా వాపు అనగానే పాతకాలపు రోమన్ రచయిత సెల్సస్ చెప్పిన నాలుగు గుర్తులు చెబుతారు, ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి. డింభకానికి రక్తనాళాలే లేవు, ఎర్రబడటానికీ వేడెక్కడానికీ అక్కడ ఏముంది? అయినా తెల్లారేసరికి ముల్లు చుట్టూ కణాలు మూగాయి. జర్మన్ వైద్యుడు కోన్‌హైమ్ 1867లో తెల్లకణాలు నాళం గోడ దాటి బయటికొస్తాయని చూపించాక అందరూ నాళాల్నే పట్టుకు వేలాడుతుంటే, ఈయన నాళం లేని జీవిని ఎంచుకున్నాడు. 1884 వ్యాసం ఇంకా ముచ్చటగా ఉంటుంది. నీటి ఈగ డాఫ్నియా పేగులోంచి సూదుల్లాంటి శిలీంధ్ర బీజాలు గుచ్చుకుని లోపలికి వస్తాయి, అవీ ముళ్లే, వాటిని కణాలు చుట్టుముట్టి మింగేస్తాయి. దాన్ని అచ్చేసింది జర్మన్ వైద్యుడు ఫిర్హో నడిపిన పత్రిక. 1892 ఉపన్యాసాల సారం కూడా ఇదే, వాపులో ముఖ్యం కణాలు కదిలి రావడం, ఎరుపూ వేడీ తర్వాతి సంగతి.

పెరటిచెట్టు:
ఒక్క నిమిషం. అందరూ ని, న అంటూ కొట్టుకుంటున్నారు, "నలుసు" అన్న మాటని ఎవరూ ముట్టుకోలేదేం? మా ఇళ్లలో "కడుపున నలుసు పడింది" అంటే పిల్ల కడుపుతో ఉందని. కంట్లో పడితే దుమ్ము, కడుపున పడితే బిడ్డ. రెండూ పరాయివే, బిడ్డలో సగం తండ్రి సరుకే కదా. మరి ఒళ్లు ఒకదాన్ని నీళ్లు కార్చి గెంటేసి ఇంకోదాన్ని తొమ్మిది నెలలు మోస్తుందేం? ఈ ప్రశ్న 1953లో మెడావర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అడిగాడని మా అబ్బాయి చెప్పాడు, మన ముసలమ్మలు ఎప్పుడో ఒకే మాటలో పెట్టేశారు.

ల్యాబుకోటు:
పెరటిచెట్టు గారూ, దీన్ని నా పాఠాల్లో వాడుకుంటాను, ముందే చెబుతున్నా. పైగా కంట్లో నలుసు కూడా ప్రతిసారీ గోల చెయ్యదు. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్ల కళ్లలో కాక్‌పిట్ కప్పు తాలూకు ప్లాస్టిక్ ముక్కలు దిగబడితే, కొన్ని ఏ వాపూ లేకుండా అలాగే పడి ఉన్నాయి. లండన్లో రిడ్లే అనే కంటి డాక్టరు అది గమనించే 1949లో ఆ రకం ప్లాస్టిక్‌తో లెన్సు చేసి కంట్లో పెట్టాడు. ఇవాళ శుక్లాల ఆపరేషన్లో పెట్టే లెన్సుల వంశం అక్కణ్ణుంచే. కంటిలోన నలుసే, బాధ లేదు. మళ్లీ మాట్సింగరే గెలిచింది.

జోరీగ:
నా పేరున్న పద్యంలో నేను మాట్లాడకపోతే ఎలా. అసలు ఈ వ్యాసానికి అతికే వేమన పద్యం ఇది కాదు, "తన కోపమె తన శత్రువు". వాపు రోగాలన్నీ అందులోనే ఉన్నాయి.

అరసున్న:
అది సుమతీ శతకం. కందం. ఆటవెలదుల మంద లోకి కందాన్ని తోలకండి.

జోరీగ:
కందమో మందో, తర్వాతి పాదం వినండి, "తన శాంతమె తనకు రక్ష". జపాన్ శాస్త్రవేత్త సకాగుచీ 1995లో పట్టుకున్న టీ కణాలు (ఒక రకం తెల్లకణాలు) చేసే పని అది కాదూ? మిగతావాటిని శాంతపరిచే కణాలు. అవి లేకపోతే ఒళ్లు తన మీదే తిరగబడుతుంది. 2025 నోబెల్ బ్రంకో, రామ్స్‌డెల్‌లతో కలిపి ఆయనకి వచ్చింది దానికే.

తాటాకు:
తిరగబడటమే కావాలంటే వేమన్న మూడో పాదం ఉంది, "ఇంటిలోని పోరు". బయటివి నాలుగు చెప్పి చివర ఇంటి తగువు పెట్టాడు. ఇల్లాలి సాధింపుకి మందు లేదని భావం.

పెరటిచెట్టు:
తాటాకు గారూ, ఇల్లాలు ఏ గుడి కింద దొరికింది మీకు? పద్యంలో పోరు ఉంది గానీ ఎవరు పోరుతున్నారో లేదు. అత్తగారి పోరు కావచ్చు, అన్నదమ్ముల వాటాల గొడవ కావచ్చు, మగాడు తాగొచ్చి చేసే రచ్చ కావచ్చు. టీకా రాసినవాళ్లంతా ఒకే దిక్కు చూసి రాశారు.

ల్యాబుకోటు:
తిరగబడటం అంటే జర్మన్ శాస్త్రవేత్త ఎర్లిక్ గుర్తొస్తాడు, ఒంటికి తన మీద తను పోరాడటమంటేనే మహా భయం, కాబట్టి అలా జరగనివ్వదు అన్నాడు. దానికో లాటిన్ పేరు కూడా పెట్టాడు. కానీ 1904లోనే డోనాత్, లాండ్‌స్టైనర్ అనే వైద్యులిద్దరూ చలికి ఎర్రకణాలు పగిలే జబ్బులో, సొంత రక్తం మీదే పనిచేసే యాంటీబాడీ ఉందని చూపించారు. ఇంటిలోన పోరు మొదటి కేసు అదే అనుకోవచ్చు. 1908 నోబెల్ మెచ్నికాఫ్‌కీ ఎర్లిక్‌కీ కలిపి ఇచ్చారు, ఒంటిని కాపాడేది కణాలే అనే పార్టీకి సగం, రక్తంలోని సీరమే అనే పార్టీకి సగం.

అరసున్న:
ముల్లు సంగతికొద్దాం. గోళీసోడా గారూ, ఏ ముల్లని రాశారు?

గోళీసోడా:
నారింజ జాతి చెట్టు ముల్లు. క్రిస్మస్ చెట్టుగా అలంకరించిన చిన్న టాంజరిన్ చెట్టు నుంచి తీశాడని చాలాచోట్ల ఉంది.

అరసున్న:
ఆయన రాసుకున్నది గులాబి ముళ్లని. ఇంటికి చిన్న తోట ఉండేది, అంతకు కొన్నాళ్ల ముందు పిల్లల కోసం అందులో టాంజరిన్ మొక్కకి క్రిస్మస్ అలంకారం చేశాం, "అందులోంచి" గులాబి ముళ్లు తెచ్చాను అంటాడు. ఆ "అందులోంచి" తోటకి చెందుతుంది. తర్వాతివాళ్లు చెట్టుకి తగిలించారు. టాంజరిన్ చెట్టుకి గులాబి ముళ్లెలా వస్తాయని ఒక్కడికీ అనుమానం రాలేదు. సర్వనామం ఎంత పని చేస్తుందో చూడండి. ఇంట్లోవాళ్లంతా సర్కస్‌లో కోతులాట చూడ్డానికెళితే ఈయన ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడట, ఆ రాత్రి నిద్రే పట్టలేదట. అదీ రాయండి.

ల్యాబుకోటు:
వ్యాకరణం అన్నారు కాబట్టి ఇంకొకటి. మాట్సింగర్‌కి కర్మణి ప్రయోగం అంటే ఒళ్లుమంట. "చేయబడినది, చూడబడినది" అని రాయనంది. "నేను" అని రాయడానికి ధైర్యం చాల్లేదు. "మేము" అంటే ఇంకొకరు కావాలి. అందుకని 1978 వ్యాసంలో తన కుక్కని సహరచయితగా పెట్టింది, గలాడ్రియెల్ మిర్క్‌వుడ్ అని పేరు. అదీ జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్ లాంటి పెద్ద పత్రికలోనే.

అరసున్న:
తెలుగు పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో కుక్కని ఇప్పించాలి.

జోరీగ:
వేమన్న ముల్లు గులాబిదా అని అడగరేం? మా పల్నాడులో కాలిముల్లంటే తుమ్మముల్లే. విరిగి లోపలుండిపోతే జిల్లేడు పాలు పోసి వదిలేసేవాళ్లు. రెండో రోజుకి సలుపు, ఆ మర్నాడు చీము, గజ్జల్లో బిళ్ల కట్టేది, నడుస్తుంటే బిళ్లే ఎక్కువ నొప్పి. తర్వాత గట్టిగా నొక్కితే చీముతో పాటు నల్లగా ముల్లు ముక్క బయటికి జారేది.

ల్యాబుకోటు:
పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, జిల్లేడు సలహా ఎవరూ పాటించకండి. మిగతాదంతా పాఠమే. చీము అంటే మింగడానికొచ్చి చచ్చిన తెల్లకణాలు, బిళ్ల అంటే కబురందుకున్న లింఫు గ్రంథి. పల్లేరు గుచ్చుకుంటే ఇంత గొడవ ఉండదు, పీకి పారేస్తాం, లోపల మిగలదు. అందుకే "కాలిముల్లు"కి "లోన" పెట్టలేదేమో వేమన్న? మూడింటికీ లోన ఉంది, దీనికి లేదు!

అరసున్న:
గణం సరిపోక పెట్టలేదు బాబూ. "కాలి", "ముల్లు", రెండు హగణాలతో పాదం నిండింది.

తాటాకు:
గణం నిండటం వేరు, కవి నింపడం వేరు. ల్యాబుకోటు గారి మాటలో పస ఉంది.

గోళీసోడా:
ఎడిటర్ గారికి న, ని రెండూ రాసి పంపేశా, ఆయన ఇష్టం. ముల్లు గులాబిగా మార్చా. చివరిమాట, మకుటం కూడా వెయ్యాలా, మూడు పాదాలు చాలా?

అరసున్న:
వెయ్యండి. "వినుర వేమ" విడిగా.

తాటాకు:
ఆగండాగండి, "విశ్వదాభిరామ" అంటే ఏమిటో తేల్చకుండా ఎలా వేస్తారు? విశ్వద అనేది ఒకావిడ పేరు, అభిరాముడు ఒక కంసాలి అన్న కథని ఇంకా నమ్మేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చెప్పండి, అప్పుడు మాట్లాడతాను.