పింగ్ వస్తోంది, మౌంట్ మాత్రం కావట్లేదు

అందరికీ నమస్తే. ఇంట్లో పాత నాస్ డబ్బా (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునే పెట్టె) ఒకటుంది, పెళ్లి వీడియోలన్నీ అందులోనే. నిన్న లాప్‌టాప్‌లో కొత్త లినక్స్ వేశాక అది మౌంట్ కావట్లేదు, అంటే దాని ఫోల్డర్ లాప్‌టాప్‌కు జతపడట్లేదు. 'ఎర్రర్ 112, హోస్ట్ ఈజ్ డౌన్' అంటోంది. డౌన్ ఎక్కడ? పింగ్ చేస్తే డబ్బా నుంచి జవాబు శుభ్రంగా వస్తోంది, ఫైల్ షేరింగ్‌కు వాడే 445 పోర్టు తెరిచే ఉంది, మా ఆవిడ పాత లాప్‌టాప్‌లో ఫైళ్లు కూడా తెరుచుకుంటున్నాయి. కేబుల్ మార్చాను, రూటర్ రెండుసార్లు ఆపి వేశాను, లాభం లేదు. చివరికి మౌంట్ కమాండ్‌లో వెర్షన్ 1.0 అని ఇస్తే వెంటనే కనెక్ట్ అయింది. అంటే ఈ డబ్బాకు ఎస్‌ఎంబీ 1 (ఫైల్ షేరింగ్ పద్ధతి, పాత వెర్షన్) తప్ప రాదన్నమాట. లినక్స్ కెర్నెల్ 4.13 నుంచి దాన్ని డిఫాల్ట్‌గా వాడట్లేదు. 2017లో వానాక్రై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) పాకింది కూడా ఎస్‌ఎంబీ 1 దారిలోనే కదా, అలాగే వదిలేయాలంటే టెన్షన్‌గా ఉంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఈ డబ్బాకు ఎప్పుడో ఆగిపోయాయి. సెట్టింగుల్లో ఎన్‌ఎఫ్‌ఎస్ (ఫైళ్లు పంచుకునే మరో పద్ధతి) కనిపిస్తోంది. దానికి మారితే ఫైళ్ల పర్మిషన్లు తారుమారవుతాయా? ఇలా మార్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.